కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక స్క్రీన్ రాకపోతే

బెంగళూరు ఎస్పీ రోడ్డులో గ్రాఫిక్స్ కార్డు కొని తెచ్చి బిగిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్‌లో మాత్రం 'నో సిగ్నల్'. కార్డు పోయిందన్న టెన్షన్‌తో ఆ ట్రాఫిక్‌లో మళ్లీ షాపుకు వెళ్లేముందు ఇవి చూడండి.

మొదట హెచ్‌డీఎంఐ కేబుల్. చాలాసార్లు అది పాత మదర్‌బోర్డు పోర్టులోనే ఉండిపోతుంది. దాన్ని కార్డు పోర్టుకు మార్చండి. చాలామందికి ఇక్కడే పని అయిపోతుంది.

కాకపోతే ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. కార్డు బయటికి తీసి, స్లాట్ చివరి క్లిప్ టక్కుమనే దాకా నొక్కి మళ్లీ పెట్టండి. కార్డు మీద 6 లేదా 8 పిన్నుల సాకెట్ ఉంటే ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) నుంచి గ్రాఫిక్స్ కార్డు కోసం ఉండే పీసీఐఈ వైరు ఇవ్వాల్సిందే. స్లాట్ నుంచి వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లే, పెద్ద కార్డుకు అది చాలదు. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల వైరు కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, దాన్ని ఇక్కడ దూర్చొద్దు.

అప్పటికీ రాకపోతే ప్లగ్ మళ్లీ తీసేసి, మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని 5 నిమిషాలు తీసి పెట్టండి. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికొస్తాయి. తర్వాత తేదీ, టైమ్ మళ్లీ సరిచేసుకోవాలి.

ఎస్ఎంపీఎస్ కెపాసిటీ తక్కువైతే మాత్రం ఇవేవీ పనిచేయవు. కార్డు కంపెనీ చెప్పిన వాట్లతో పోల్చి చూసుకోండి. ఇంకో సంగతి, పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి, కార్డు తీసేసి మదర్‌బోర్డు పోర్టులో చూసినా డిస్‌ప్లే రాదు.