షుగర్ రాకముందే ఊరిని మేల్కొలపడం: చేతిలో ఫోన్‌తో ఎలా చేయాలి?

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మం దాకా వచ్చి ఉన్నారు. మన ప్రయత్నమంతా ఈ రెండోవాళ్ల కోసమే. ఒంట్లో ఏ బాధా తెలియదు కాబట్టి పరీక్షకు వెళ్లరు. వాట్సాప్ మాత్రం రోజూ చూస్తారు.

1. ఒక్క పనే అడగండి

"ఆరోగ్యం జాగ్రత్త" అంటే ఎవరూ కదలరు. "30 ఏళ్లు దాటినవాళ్లందరూ శనివారం ఉదయం ఉప కేంద్రానికి రండి, షుగర్ పరీక్ష ఉచితం" అంటే కదులుతారు. కానీ పోస్టు పెట్టేముందు ఏఎన్ఎంతోనో ఆశా కార్యకర్తతోనో మాట్లాడండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, స్ట్రిప్పులు సరిపడా ఉన్నాయా అని అడిగి ఖాయం చేసుకోండి. కూలి పని మానుకుని వచ్చినవాళ్లు పరీక్ష జరగక వెనక్కి వెళ్తే, మీ రెండో పోస్టును ఎవరూ పట్టించుకోరు.

2. చెప్పకండి, చూపించండి

వంటగట్టు మీద పావు లీటరు కూల్‌డ్రింక్ సీసా పెట్టండి. పక్కన ఖాళీ గాజు గ్లాసు, చక్కెర డబ్బా, టీ చెంచా. కెమెరాను లేబుల్ దగ్గరికి తీసుకెళ్లి "100 మి.లీ.కి చక్కెర 11 గ్రాములు" అన్న అంకె కనబడేలా ఆపండి. అంటే సీసా మొత్తంలో 27.5 గ్రాములు. చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన, ఒక్కో చెంచా గ్లాసులో వేస్తూ పైకి లెక్కపెట్టండి. దాదాపు ఏడు చెంచాలు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నలభై సెకన్ల వీడియో చాలు. సంగీతం వద్దు, చక్కెర గ్లాసులో పడే చప్పుడు వినబడనివ్వండి.

ఇంకో వీడియోలో దర్జీ టేపుతో నడుము కొలిచి చూపించండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పరీక్షకు వెళ్లాల్సిందే. ఎవరి రిపోర్టునూ, ఎవరి పొట్టనూ వాళ్లను అడగకుండా గ్రూపులో పెట్టొద్దు. ఈ విషయంలో నేను రాజీపడను.

3. చిన్న మాట, మళ్లీ మళ్లీ

షుగర్ వచ్చే ముప్పున్న 537 మంది దక్షిణ భారత ఉద్యోగులపై చేసిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. ఆహారం, నడక గురించి క్రమం తప్పకుండా ఎస్ఎంఎస్‌లు అందుకున్నవాళ్లలో రెండేళ్లలో 18 శాతం మందికే షుగర్ వచ్చింది. అవి అందనివాళ్లలో 27 శాతం మందికి వచ్చింది. ఖర్చంతా ఒక సందేశం! కాబట్టి పెద్ద వ్యాసం వద్దు, ఇంట్లో మాట్లాడినట్టే రాయండి: "బాబాయ్, ఈ రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె ఎక్కువ వేసుకో. తిన్నాక వీధి చివరిదాకా నడిచొద్దాం."

4. మాయ మందుల్ని ఆపండి

"పది రోజుల్లో షుగర్ మాయం" అనే ప్రకటనలు 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అలాంటిది గ్రూపులోకి వస్తే పంపినవాళ్లను అందరి ముందూ తిట్టకండి, విడిగా చెప్పండి. అది నమ్మి టైప్ 1 షుగర్ ఉన్న, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని పిల్లలకు ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

5. అధికారుల దాకా తీసుకెళ్లండి

ఇక్కడ ఓపిక కావాలి. చక్కెర నిండిన డ్రింకులను, విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ పేరుతో అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు వీడియోలు చేశారు, లేఖలు రాశారు, హైకోర్టుకూ వెళ్లారు. 2025 అక్టోబరు 14న దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఉత్తర్వులిచ్చింది. వీడియోలు జనాన్ని కూడగట్టాయి, కాగితాలు పని నడిపించాయి. రెండూ ఉండాలి.

మీరు బడి నుంచి మొదలుపెట్టండి. పిల్లలు తాగేవాటిలో ఎంత చక్కెర ఉందో చూపే బోర్డులు పెట్టాలని 2025లో సీబీఎస్ఈ తన పాఠశాలలకు చెప్పింది. మీ పిల్లల బడిలో ఉందేమో చూడండి. లేకపోతే ఇంకో పదిమంది తల్లిదండ్రులతో కలిసి ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. బోర్డు గోడకెక్కిన రోజు దాని ఫొటో తీసి, పక్క బడి తల్లిదండ్రుల గ్రూపుకి పంపండి.