బావికి పూలబొమ్మ పేర్చడం ఎలా?

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ పల్లెల్లో వేసవి వస్తే ఊటబావులను, చెక్క పలక మీద పేర్చి పక్కన నిలబెట్టే పూలబొమ్మలతో అలంకరిస్తారు. దీన్ని వెల్ డ్రెస్సింగ్ అంటారు. వీటిలో బాగా పేరున్న ఊరు టిస్సింగ్టన్. అక్కడ ఈస్టర్‌తో కలిపి 40వ రోజున, అంటే అసెన్షన్ గురువారం నాడు బావులన్నీ ముస్తాబవుతాయి. 1349లో ప్లేగు చుట్టుపక్కల ఊళ్ళను ఊడ్చేస్తుంటే, తమను ఈ నీళ్ళే కాపాడాయని అక్కడివాళ్ళ నమ్మకం.

మేముండే పల్లెలో నాలుగేళ్ళుగా నేనూ ఈ పనికి వెళ్తున్నాను. మీ దగ్గర్లో జరుగుతుంటే చర్చి బయటి నోటీసు బోర్డు చూసి, నేరుగా వెళ్ళి అడగండి. పూలరేకులు అద్దడానికి ఎన్ని చేతులున్నా చాలవు.

ముందు మేకులు కొట్టిన చెక్క పలకలను కొన్ని రోజులు నీళ్ళలో నానబెట్టాలి. పొడి చెక్క మట్టిలోని తడిని పీల్చేస్తుంది. బంకమట్టిలో నీళ్ళు, ఉప్పు వేసి, ఉండలు లేకుండా కాళ్ళతో తొక్కాలి. ఉప్పు ఉంటే మట్టి తొందరగా ఎండదు. ఇది నడుము విరిగే పనే, కానీ ఇక్కడ బద్ధకిస్తే మూడో రోజుకే బొమ్మ బీటలు వారుతుంది. మట్టిని మేకుల మధ్య గట్టిగా అదిమి నున్నగా చేశాక, బొమ్మ గీసిన కాగితం పరిచి గీతల వెంట సూదితో గుచ్చాలి. కాగితం తీస్తే చుక్కలు కనిపిస్తాయి, మన చుక్కల ముగ్గులాగే. ఆ చుక్కల వెంట ఆల్డర్ చెట్టు నల్లటి కాయలు గానీ, కాఫీ గింజలు గానీ గుచ్చితే గీత తేలుతుంది.

తర్వాత నాచు, బెరడు, గింజలు. త్వరగా వాడిపోతాయి కాబట్టి పూలరేకులు చివరికి. మాది వరంగల్, బతుకమ్మ పేర్చిన చేతులే కదా అని మొదటి ఏడాది ధైర్యంగా కూర్చున్నాను. రేకులను పైనుంచి కిందికి అద్దాను. రాత్రి వాన పడి, నీళ్ళు రేకుల కిందికి దూరి, తెల్లారేసరికి ఒక మూలంతా జారిపోయింది. నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న పెద్దావిడ ఏమీ అనకుండా నా చేయి పట్టుకుని కింది వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టించింది. పెంకుటింటి కప్పులాగా పై రేకు అంచు కింది రేకు మీదికి రావాలి. అప్పుడు వాన జారిపోతుంది.

బొమ్మ వారం రోజులు నిలుస్తుంది. మధ్యమధ్యలో నీళ్ళు చిలకరించాలి. పూలు వాడిపోయాక మట్టి గీకేసి, పలక కడిగి, ఊగుతున్న మేకులు మళ్ళీ కొట్టి వచ్చే ఏటికి దాచాలి. ఆ రోజుకూ తప్పకుండా వెళ్ళండి, అప్పుడు వచ్చేవాళ్ళు తక్కువ.