నవ్వు పుట్టని కామిక్స్: సమస్య - కారణం - పరిష్కారం

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందు గదిలో ఒక చెక్క బీరువా ఉంది. నేను పదిహేనేళ్ళుగా కొనుక్కున్న కామిక్స్, మాంగా (జపాన్ కామిక్స్) పుస్తకాలన్నీ అందులోనే ఉంటాయి. వీధిలో పిల్లలు, యూనివర్సిటీలో చదివే మా చుట్టాల పిల్లలు, ఒక్కోసారి వాళ్ళ అమ్మానాన్నలు కూడా వచ్చి పట్టుకెళ్తుంటారు. నేను ఎక్కువగా ఇచ్చేవి నవ్వించే పుస్తకాలే. తిరిగి ఇచ్చేటప్పుడు చాలామంది అనే మాట ఒకటే: "బాగానే ఉందన్నా, కానీ నవ్వు రాలేదు."

ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఆ పుస్తకంలో నవ్వు ఉందని నాకు తెలుసు. అందుకే ఇప్పుడు పుస్తకం బీరువాలో పెట్టేముందు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా చదివారో ఒక పేజీ చదివి చూపించమంటాను. చిక్కు దాదాపు ఎప్పుడూ చదివిన పద్ధతిలోనో, మొదలుపెట్టిన చోటులోనో దొరుకుతుంది. మనిషిలో హాస్యం లేకపోవడం నేనింతవరకు చూడలేదు. నాకు తరచుగా తగిలిన ఫిర్యాదులు, వాటికి పనిచేసిన మందులు ఇవి.

సమస్య: మాంగాలో జోకు పేలకముందే తుస్సుమంటోంది

మా బాబాయి కొడుకు ఇంటర్ చదివేటప్పుడు 'యొత్సుబా' మొదటి భాగం తీసుకెళ్ళి మర్నాడే తెచ్చేశాడు. వరండాలో కూర్చోబెట్టి ఒక పేజీ తెరవమన్నాను. వాడి వేలు ఎడమవైపు పైనున్న గడి మీద ఆగింది. ఆ గడిలో ఒకాయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత వేలు కుడిపక్కకు జరిగింది. ఆయన ఎందుకు నోరు తెరిచాడో అక్కడుంది. అంటే జవాబు ముందు వచ్చి, ప్రశ్న వెనక వచ్చింది. అలా చదివితే ఎవరికి నవ్వొస్తుంది?

కారణం: జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఇంగ్లీషులోకి వచ్చిన మాంగా కూడా ఇప్పుడు ఎక్కువగా అదే వరుసలో అచ్చవుతోంది. మనం అలవాటుగా ఎడమ నుంచి మొదలుపెడతాం. కథ అయితే ఎలాగోలా అర్థమవుతుంది గానీ, హాస్యం మాత్రం వరుస తప్పితే చచ్చిపోతుంది.

పరిష్కారం: ఉర్దూ పుస్తకం తెరిచినట్టు తెరవండి. కుట్టు కుడిచేతి వైపు ఉండాలి. పేజీలో కుడి పైమూల గడి ముందు, ఒక్కో గడిలో కూడా కుడివైపు మాట ముందు. మొదటి పది పేజీలు వేలు పెట్టి చదవండి, ఆ తర్వాత కన్నే దారి పట్టుకుంటుంది. ఫోన్‌లో చదివేవాళ్ళు పేజీని ఏ వైపుకి జరపాలో సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోండి.

మావాడు ఆ రోజే మళ్ళీ మొదటి నుంచి చదివాడు. 'యొత్సుబా'ను కియోహికో అజుమా 2003 నుంచి గీస్తున్నాడు. ఆకుపచ్చ జుట్టుకు నాలుగు పిలకలు వేసుకున్న ఐదేళ్ళ పిల్ల నాన్నతో కలిసి కొత్త ఊరికి వస్తుంది. ఆ పిల్లకు లోకంలో ప్రతిదీ కొత్తే. ఏసీ వల్ల భూమి వేడెక్కుతోందని ఎవరో చెప్పగానే, పక్కింట్లో ఏసీ కనబడితే శత్రువును చూసినట్టు కంగారుపడిపోతుంది. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ఏసీ కింద కూర్చుని ఆ అధ్యాయం చదివి చూడండి. మాంగా ఎప్పుడూ చదవనివాళ్ళకు నేను మొదట ఇచ్చేది ఈ పుస్తకమే.

సమస్య: సూపర్ హీరో కామిక్ కొన్నాను, అందులో అందరూ ఏడుస్తున్నారు

కారణం: మధ్యలో దూరారు. పెద్ద కంపెనీల హీరోల కథలు ఎనభై ఏళ్ళకు పైగా నడుస్తున్నాయి. అందరు హీరోలూ కలిసి కొట్టుకునే మహా కథ ఒకటి తీసుకుంటే ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా తెలియదు. పెళ్ళింట్లో మనకు తెలియని చుట్టాల గొడవ మధ్యలో నిలబడ్డట్టు ఉంటుంది.

పరిష్కారం: నవ్వించడానికే రాసిన సిరీస్‌ను దాని మొదటి సంచిక నుంచి పట్టుకోండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2015లో వచ్చిన 'అన్‌బీటబుల్ స్క్విరెల్ గర్ల్'. రాసింది ర్యాన్ నార్త్, మొదట్లో బొమ్మలు గీసింది ఎరికా హెండర్సన్. తోక ఉండి, ఉడుతలతో మాట్లాడగలిగే ఈ అమ్మాయి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదువుతుంటుంది. గ్రహాలనే మింగే గలాక్టస్ భూమిని తినడానికి వస్తాడు. మిగతా హీరోలైతే సైన్యం కడతారు. ఈ అమ్మాయి వాడి దగ్గరికెళ్ళి, వాడి ఆకలి గురించి మాట్లాడి, గింజలతో నిండిన ఇంకో గ్రహం చూపించి పంపించేస్తుంది. ఉడతాభక్తి అనే మాట పుట్టిన నేల మనది. ఉడుత ఎంత పని చేయగలదో మనకు ఒకరు చెప్పాలా? అందుకే ఈ పుస్తకం మనవాళ్ళకు బాగా పట్టుతుందని నా గట్టి నమ్మకం.

కొంచెం పాత రుచి కావాలంటే 1987లో మొదలైన 'జస్టిస్ లీగ్' చదవండి. తర్వాత దానికే 'జస్టిస్ లీగ్ ఇంటర్నేషనల్' అని పేరు మార్చారు. కీత్ గిఫెన్, జె. ఎమ్. డిమటీస్ రాశారు, కెవిన్ మగ్వైర్ గీశాడు. లోకాన్ని కాపాడాల్సిన వాళ్ళు ఆఫీసులో పడని సహోద్యోగుల్లా కీచులాడుకుంటుంటారు. ఐదో సంచికలో ఆ జట్టులోని గై గార్డనర్ బ్యాట్‌మ్యాన్‌ను రెచ్చగొట్టి రెచ్చగొట్టి, తన బలమంతా ఉన్న చేతి ఉంగరం తీసేసి మరీ రమ్మంటాడు. బ్యాట్‌మ్యాన్ ఒక్క గుద్దుకు గై నేల మీదుంటాడు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూడండి. మగ్వైర్ గొప్పతనమంతా ఆ మొహాల్లోనే ఉంది.

పాత పుస్తకాలు దొరకనివాళ్ళకు, పైసా ఖర్చు పెట్టలేని వాళ్ళకు వెబ్‌టూన్ అనే కామిక్స్ యాప్‌లో 2021లో మొదలైన 'బ్యాట్‌మ్యాన్: వేన్ ఫ్యామిలీ అడ్వెంచర్స్' ఉంది. డ్యూక్ అనే కుర్రాడు బ్యాట్‌మ్యాన్ ఇంటికి కొత్తగా రావడంతో కథ మొదలవుతుంది. పెంచుకున్న పిల్లలు, వాళ్ళ అలకలు, వాళ్ళ మధ్య నలిగే బ్యాట్‌మ్యాన్. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకు ఒక్క ముక్క కూడా విడమరిచి చెప్పక్కర్లేదు.

సమస్య: అందరూ పగలబడి నవ్వుతున్నారు, నాకు సగం జోకులు కనబడనే లేదు

కారణం: నిజంగానే కనబడలేదు. 'స్క్విరెల్ గర్ల్'లో చాలా పేజీల అడుగున లేత రంగులో, చీమ తలకాయంత అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది. రచయిత తన కథ మీద తనే చెప్పే మాట అది. ఫోన్‌లో చూస్తే అదొక గీతలా కనిపిస్తుంది. రాండల్ మన్రో 2005 నుంచి గీస్తున్న 'ఎక్స్‌కేసీడీ' అనే వెబ్‌కామిక్‌లో (ఇంటర్నెట్‌లోనే వచ్చే కామిక్) కూడా అంతే. పుల్లబొమ్మల కింద జోకు అయిపోయిందనుకుంటాం. కంప్యూటర్‌లో మౌస్ బొమ్మ మీద ఉంచితే ఇంకో వాక్యం పైకి లేస్తుంది. చాలాసార్లు అసలు జోకు అదే.

పరిష్కారం: పేజీ తిప్పేముందు అడుగు చూడటం అలవాటు చేసుకోండి. ఎక్స్‌కేసీడీకి ఫోన్ కోసం వేరే మొబైల్ పేజీ ఉంది, దాంట్లో ఆ దాచిన వాక్యాన్ని చూపించే మీట ఉంటుంది.

సమస్య: వన్ పంచ్ మ్యాన్‌లో ఒక్క గుద్దుకే అయిపోతోంది, ఇందులో నవ్వేముంది?

మగపిల్లల నుంచి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇది. మొదటి రోజు మొదటి ఆటకు వెళ్ళి, హీరో కొడితే పదిమంది గాల్లోకి లేచినప్పుడు ఈల వేసే పిల్లలు వీళ్ళు. ఫైట్ కోసం ఎదురుచూస్తారు. ఫైట్ రాదు.

కారణం: నవ్వు గుద్దు దగ్గర లేదు, గుద్దిన తర్వాత ఉంది. ఈ మాంగా హీరో సైతామా అంత బలవంతుడు లోకంలో లేడు. దాంతో ఏ గెలుపూ ఆయనకు ఆనందం ఇవ్వదు. రాక్షసుడు రెండు పేజీల ఉపన్యాసం ఇస్తాడు, ఒక్క దెబ్బకు ముక్కలవుతాడు. సైతామా మొహంలో మాత్రం విసుగు. ఆయన నిజంగా టెన్షన్ పడేది సూపర్‌మార్కెట్‌లో తగ్గింపు ధరల టైము దాటిపోతోందని.

పరిష్కారం: దెబ్బను వదిలేసి మొహం చూడండి. దీని బొమ్మలు గీసే యూసుకే మురాతా రాక్షసుడి ఒంటి మీద ఒక్కో పొలుసునూ, ఒక్కో నరాన్నీ ఓపికగా చెక్కుతాడు. పక్క గడిలో సైతామా తల కోడిగుడ్డులా ఉంటుంది. రెండు చుక్కలు కళ్ళు, ఒక గీత నోరు. ఆ రెండు గడులనూ పక్కపక్కన పెట్టి ఒక్క క్షణం ఆగండి. మా వీధి చివర ఇంటి కుర్రాడికి నేను చేసిందల్లా ఇంతే, ఆ గడుల మీద వేలు పెట్టి ఆపాను. వాడు నవ్వడం మొదలుపెట్టి పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. ఇది 2009లో వన్ అనే కలం పేరున్న ఆయన సొంతంగా గీసిన వెబ్‌కామిక్. 2012 నుంచి మురాతా దాన్ని తిరిగి గీస్తున్నాడు. మొదటిదాంట్లో బొమ్మలు మోటుగా ఉంటాయి, కానీ నవ్వుకు ఆ మోటుదనం కూడా కలిసొస్తుంది.

ఇందులోనే ఒక చిన్న సమస్య మన తిరుపతి వాళ్ళకే వస్తుంది. సైతామా గుండు మీద జోకులు మనకు అంటవు. బస్టాండులో నిలబడితే గంధం పూసుకున్న గుండ్లు వరసగా కనిపించే ఊరు మనది. గుండు అంటే మొక్కు తీరింది, మనసు తేలికపడింది అని అర్థం. అక్కడ సంగతి వేరు. ఆయన మూడేళ్ళ పాటు రోజూ వంద పుషప్‌లు, వంద సిట్‌అప్‌లు, వంద గుంజీలు, పది కిలోమీటర్ల పరుగు చేశాడు. బలం వచ్చింది, జుట్టు పోయింది. ఆయన దాన్ని ఏ దేవుడికీ ఇవ్వలేదు, పోగొట్టుకున్నాడు. హీరోల సంఘం కూడా ఆ బట్టతల మీదే ఆయనకు పేరు పెడుతుంది. గుండు అనుకోకుండా, పాతికేళ్ళకే జుట్టు రాలిపోయిన పెళ్ళికాని కుర్రాడి బాధ అనుకుని చదవండి. వెంటనే అందుతుంది.

సమస్య: బొమ్మల మీద ఏవో జపాన్ అక్షరాలు, నుదుటి మీద చుక్కలు, ఏమీ తెలియట్లేదు

కారణం: వాటిని అలంకారం అనుకుని దాటేస్తున్నారు. నుదుటి పక్క పెద్ద చెమట చుక్క ఉంటే ఇబ్బందిపడ్డాడని. కణతల మీద నరం గుర్తు ఉంటే కోపం. ముక్కు దగ్గర బుడగ ఉంటే గాఢ నిద్ర. ఆ పెద్ద అక్షరాలు శబ్దాలు.

పరిష్కారం: శబ్దాలను తెలుగులో పైకి చదవండి. నేను దీన్ని మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ విషయంలో జపాన్ భాషకు దీటుగా నిలబడే భాష మనది. వాళ్ళ దొకిదొకి మన గుండె దడదడ. వాళ్ళ పెకోపెకో మన ఆకలి నకనక. వాళ్ళ నికోనికో మన ముసిముసి నవ్వు. వాళ్ళు నిశ్శబ్దానికి కూడా 'షీన్' అని ఒక శబ్దం రాస్తారు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం అని మనం అనే చోట అది పడుతుంది.

మా అక్క కూతురికి ఆరేళ్ళు. దానికి 'యొత్సుబా' చదివి వినిపించేటప్పుడు శబ్దాలన్నీ తెలుగులోనే చేస్తాను. తలుపు ధడాల్, నీళ్ళు గుటగుట, చెప్పులు టపటప. ఒకసారి గొంతు నొప్పిగా ఉండి మాటలు మాత్రమే చదివాను. అది పుస్తకం మీద చెయ్యి పెట్టి, "మామా, ధడాల్ అనలేదు నువ్వు" అని పేజీ తిప్పనివ్వలేదు.

సమస్య: వెబ్‌కామిక్స్ యాభై చదివాను, ఒక్కటీ గుర్తులేదు

కారణం: ఒకేసారి కూర్చుని యాభై చదివేశారు. రోజుకొకటో, వారానికి మూడో వచ్చేలా గీసినవి అవి.

పరిష్కారం: రోజుకు మూడు. అంతే. ర్యాన్ నార్త్ 2003లో మొదలుపెట్టిన 'డైనోసార్ కామిక్స్'లో బొమ్మలు ఎప్పుడూ అవే ఆరు గడులు, మాటలే మారతాయి. దాన్ని గబగబా చదివితే తల తిరుగుతుంది. కాఫీతో పాటు ఒకటి చదివితే రోజంతా గుర్తొస్తుంది.

సమస్య: పిల్లాడికిస్తే వాళ్ళమ్మ కోప్పడింది

కారణం న్యాయమైనదే. నవ్వించేవన్నీ పిల్లలవి కావు. డెడ్‌పూల్ అనే సూపర్ హీరో కామిక్ పెద్దవాళ్ళ పుస్తకం. అట్ట వెనక వయసు గుర్తు చూసి ఇవ్వండి.

సమస్య: మొదటి భాగం దొరకదు, దొరికినా ధర ఎక్కువ

ఒక ఆన్‌లైన్ అంగడి నాకు మొదటి భాగం బదులు నాలుగో భాగం పంపింది, మార్చుకోవడానికి నెల పట్టింది. కొనేముందు రుచి చూడాలంటే, జపాన్ ప్రచురణకర్త షూయీషా 2019లో తెచ్చిన 'మాంగా ప్లస్' ఉంది. చాలా కథల మొదటి మూడు అధ్యాయాలు, తాజా మూడు అధ్యాయాలు ఉచితంగా చదవచ్చు. అక్కడ 'స్పై ఫ్యామిలీ' మొదటి అధ్యాయంతో మొదలుపెట్టండి. నాన్న గూఢచారి, అమ్మ హంతకురాలు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మనసులోని మాట వినగలిగే చిన్నపిల్లకు మాత్రం అన్నీ తెలుసు.

సమస్య: ఇవన్నీ మీ కుర్రాళ్ళకు, మాకెందుకు?

ఇది మా పిన్ని మాట. సంక్రాంతి ముందు చిత్తూరులో వాళ్ళింట్లో నానబెట్టిన అనపగింజలు గిన్నెలో పెట్టుకుని అందరం పితికిపప్పు పితుకుతున్నాం. కారణం ఆమెకిచ్చిన పుస్తకమని అప్పుడే అర్థమైంది. నేనిచ్చింది రాక్షసుల కథ. ఆమె రోజంతా చూసేది వంటిల్లు, సంత, బేరం.

కొసుకే ఓనో 2018లో మొదలుపెట్టిన 'ద వే ఆఫ్ ద హౌస్‌హస్బెండ్' ఫోన్‌లో తెరిచాను. ఒకప్పుడు జపాన్ రౌడీ ముఠాల్లో అందరినీ గడగడలాడించిన తత్సు, పెళ్ళయ్యాక ఇంటిపని చూసుకుంటుంటాడు. మొహం మీద గాటు, నల్ల కళ్ళద్దాలు, మెడకు కుక్కపిల్ల బొమ్మ ఉన్న అప్రాన్. కూరగాయలు తరిగినా, బట్టలు ఉతికినా ముఠా తగాదాకు వెళ్ళినంత గంభీరంగా చేస్తాడు. నేను గొంతు బొంగురు చేసి ఒక్కో మాటా తెలుగులో చెబుతూ పోయాను. తగ్గింపు ధరల దగ్గర ఆయన జనంలోకి దూసుకెళ్ళే చోట పిన్ని పితకడం ఆపేసింది.

"అచ్చం మీ చిన్నాయనే" అని నవ్వి, తడి చేతులు పైకెత్తి, "నా చేతులు బాగాలేవు, నువ్వే తిప్పు నాయనా తర్వాతది" అంది.