రోమన్ కమాను ఇంట్లో కట్టాలంటే

పురానాపూల్ అవతల మా ఇల్లు. ముప్పై ఏళ్లు తాపీ పని చేసి, మోకాళ్లు అరిగాక మానేశాను. ఎనిమిదో తరగతి చదివే మా మనుమరాలు ఆ మధ్య "తాతా, రోమన్ల కట్టడాల మీద ప్రాజెక్ట్ తెమ్మన్నరు" అంటూ థర్మోకోల్ షీటు, గమ్ము డబ్బా పట్టుకొచ్చింది. గమ్ముతో అంటించేదానికి కమాను ఎందుకు బిడ్డా, బొమ్మ గీస్తే సరిపోదా అన్నాను. ఫ్రాన్స్‌లో రోమన్లు నీళ్లు తేవడానికి కట్టిన పోన్ దు గార్ వంతెన దాదాపు 49 మీటర్ల ఎత్తుంటుంది. దాని పెద్ద రాళ్ల మధ్య సున్నమే పెట్టలేదని తనే చదివి వినిపించింది. రెండోసారి కూడా చదివించుకున్నాను. సరే, మనమూ గమ్ము లేకుండానే కడదాం అన్నాను.

ముందు బంకమట్టి తెచ్చుకోండి. మట్టి వినాయకులను చేసేవాళ్లను అడిగితే ఇస్తారు. రాళ్లు లేకుండా మెత్తగా పిసికి, 5 సెంటీమీటర్ల మందాన బల్ల మీద పరచండి. 20 సెంటీమీటర్ల అడ్డం ఉన్న స్టీలు డబ్బా ఒకటి చూసుకోండి. మన సెంట్రింగ్, అంటే కమాను నిలబడేదాకా కింద ఆనేది, అదే.

అట్ట మీద ఒకే కేంద్రం నుంచి రెండు అర్ధచంద్రాలు గీయండి. లోపలి గీతకు 11, బయటి గీతకు 17 సెంటీమీటర్లు. డబ్బాకు 10 చాలు కదా అంటారేమో. మట్టి ఎండితే కుంచించుకుపోతుంది, ఆ ఒక్క సెంటీమీటరు దానికే. మా మొదటి ముక్కలన్నీ ఇది మరిచిపోయే పాడయ్యాయి. కోణమానినితో 20 డిగ్రీలకొక గీత కొడితే తొమ్మిది ముక్కలు వస్తాయి. సరిసంఖ్య వద్దు, నడిమి రాయి ఉండదు. చార్మినార్ చూసి పైన మొన తేల్చకండి. 1591 నాటి ఆ కమాన్ల తీరు వేరు, రోమన్లది నిండు అర్ధవృత్తం.

అట్టలోంచి ఒక ముక్క కత్తిరించుకుని, దాని కొలతతోనే మట్టిలో తొమ్మిదీ కోయండి. ఎండలో పెడితే బీటలిస్తాయి. నీడలో వారం ఉంచి, గరుకు కాగితంతో పక్కలు రుద్దండి. ఇక్కడ బద్ధకిస్తే తరువాత ఏడుస్తారు.

ఇప్పుడు రెండు ఇటుకలు 20 సెంటీమీటర్ల ఎడంతో నిలబెట్టండి. మధ్యలో పుస్తకాలు పేర్చి, వాటి మీద నాలుగైదు అట్టముక్కలు వేసి, డబ్బాను అడ్డంగా పెట్టండి. డబ్బా సగం ఇటుకల పైకి రావాలి. రెండు వైపుల నుంచీ ఒక్కో ముక్క పేర్చుకుంటూ వచ్చి, నడిమిది చివర్లో దించండి. ఆ నడిమి రాయే అంతా మోస్తుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. తొమ్మిదిలో ఏది తీసినా కూలుతుంది, ఇది చివర్లో పెట్టేది అంతే.

డబ్బాను లాగేయకండి. కింది అట్టముక్కలు ఒక్కొక్కటే తీస్తే డబ్బా మెల్లగా దిగుతుంది, అప్పుడు పక్కకు జరపండి. మాది ఆ క్షణంలోనే ధడేల్‌మని పడింది. పిల్ల ముఖం చిన్నబోయింది కానీ నేను కావాలనే ఊరుకున్నాను. కమాను బరువు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఇటుకలు బయటికి ఒరిగిపోయాయి. వాటికి ఆనించి చెరో రెండు ఇటుకలు పెట్టాక కదలలేదు. రోమ్‌లో క్రీ.శ. 80లో తెరిచిన కొలోసియం అనే పెద్ద ప్రదర్శనశాలలో కింది అంతస్తు చుట్టూ 80 కమాన్లున్నాయి. ఒకదాని తోపుడును పక్కది ఆపుతుంది. కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ కట్టారు కాబట్టి చివరి కమాను అన్నదే లేదు! ఈ తెలివికి మేస్త్రిగా దండం పెడతాను.

రోమ్‌లోని పాంథియన్ గుడి గుమ్మటం కూడా చేద్దామంది పిల్ల. అడ్డం 43 మీటర్లు, కింద బరువైన రాతి ముక్కలు, పైకి పోయేకొద్దీ తేలికవి కలిపి పోసిన కాంక్రీటు. వద్దమ్మా, నా మోకాళ్లు చూడు అన్నాను.

బడికి తీసుకెళ్లే ముందు ముక్కలకు నంబర్లు వేయండి. కొలోసియం ద్వారాలకూ నంబర్లు చెక్కారు, జనం తమ దారి వెతుక్కోవడానికి. మా పిల్ల రోమన్ అంకెలే వేసి, తీరా క్లాసులో నాలుగు చోట ఆరు పెట్టిందట. అన్నీ ఒకే కొలత కదా, కమాను నిలబడింది. టీచర్ మాత్రం నంబరు తప్పని ఒక మార్కు కోసింది.