పీసీ నుంచి రిసీవర్‌కి 5.1 రావట్లేదా? ముందు రిసీవర్ డిస్ప్లే చదవండి

రిసీవర్ (స్పీకర్లన్నింటికీ సౌండ్ ఇచ్చే ఆంప్లిఫయర్ పెట్టె) కొన్నాం, పీసీకి కలిపినాం, సినిమా వేస్తే ముందర రెండు బాక్సులే మోగుతున్నాయి, వెనకవి సప్పుడే చేయట్లేదు. 5.1 అంటే ముందర రెండు, మధ్యలో సెంటర్, వెనక రెండు, ఇంకా ఒక సబ్ వూఫర్ (బేస్ బాక్స్), మొత్తం ఆరు చానళ్ళు. మా అనంతపురంలో పీసీని రిసీవర్‌కి కలిపిన వాళ్ళల్లో ఎక్కువ మంది చెప్పే కంప్లైంట్ ఇదే. వెంటనే కేబుల్ మార్చేస్తారు, విండోస్ మళ్ళీ వేయిస్తారు, కొందరైతే రిసీవరే పోయిందని రిపేరుకి ఇచ్చేస్తారు. అవేవీ వద్దు, ముందు సినిమా నడుస్తుండగా రిసీవర్ డిస్ప్లే మీద ఏం రాసుందో చూడండి, తప్పు ఏ వైపు ఉందో సగం అక్కడే తెలిసిపోతుంది.

డాల్బీ డిజిటల్, డీటీఎస్ (ఈ రెండూ 5.1 సౌండ్‌ని కుదించి పంపే ఫార్మాట్లు), మల్టీ చానల్ ఇలాంటివి కనపడితే పీసీ తన పని తాను చేస్తున్నట్టే, ఇంక స్పీకర్ వైర్లు, రిసీవర్‌లో స్పీకర్ సెటప్ చూసుకోండి. ఉత్త పీసీఎం (కుదించని డిజిటల్ సౌండ్) అనో స్టీరియో అనో ఉంటే రిసీవర్ దాకా వచ్చేదే రెండు చానళ్ళు, అప్పుడు పీసీ వైపు వెతకాలి (కొన్ని మోడల్స్‌లో ఆరు చానళ్ళు వచ్చినా పీసీఎం అనే చూపిస్తుంది, రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే ఎన్ని చానళ్ళో కనపడుతుంది). ఇంకోటి, ప్రోలాజిక్ అనో ఆల్ చానల్ స్టీరియో అనో మోడ్ పెట్టి అన్ని బాక్సులూ మోగుతున్నాయి గదా అని సంతోషపడొద్దు, అది రెండు చానళ్ళనే అన్నింటికీ పంచడం, అసలు 5.1 కాదు.

ఆప్టికల్ కేబుల్ పెట్టినాం, కొన్ని సినిమాలకి 5.1 వస్తుంది, గేమ్‌కి రాదు

కేబుల్ బాగానే ఉంది, దాని కెపాసిటీనే అంత. ఆప్టికల్ దారిలో విప్పిన సౌండ్ అంటే పీసీఎం రెండు చానళ్ళే పడతాయి, 5.1 పోవాలంటే డాల్బీ డిజిటల్ గానీ మామూలు డీటీఎస్ గానీ చుట్టిన మూటలాగానే పోవాలి, రిసీవర్ దాన్ని విప్పుకుంటుంది. సినిమా ఫైల్‌లో ఆ మూట ముందే కట్టి ఉంటుంది కాబట్టి వీఎల్‌సీలో టూల్స్, ప్రిఫరెన్సెస్, ఆడియోలోకి పోయి పాస్‌త్రూ (మూట విప్పకుండా అలాగే పంపడం) ఆన్ చేస్తే చాలు. గేమ్‌లో సౌండ్ అప్పటికప్పుడు తయారవుతుంది, మూట కట్టేవాడు ఎవరూ లేరు, అందుకే స్టీరియో. మీ సౌండ్ కార్డుకి డాల్బీ డిజిటల్ లైవ్ గానీ డీటీఎస్ కనెక్ట్ గానీ ఉంటే ఆ పని అదే చేస్తుంది, సౌండ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఆ ఫార్మాట్ సెలెక్ట్ చేసుకోవాలి. అది లేకపోతే ఆప్టికల్‌తో గేమ్ 5.1 ఆశ వదులుకోండి. ఏఏసీ 5.1 ఉన్న ఫైళ్ళు, డాల్బీ డిజిటల్ ప్లస్ ఉన్న ఫైళ్ళు కూడా (అవి వేరే రకం మూటలు, ఈ దారిలో పోవు) ఆప్టికల్‌లో స్టీరియో అయిపోతాయి. రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే దానికి మారిపోవడమే నా మాట, అందులో ఎనిమిది చానళ్ళ పీసీఎం నేరుగా పోతుంది, పాస్‌త్రూ గొడవ కూడా పెద్దగా ఉండదు.

హెచ్‌డీఎంఐ పెట్టినా విండోస్‌లో స్టీరియో తప్ప ఇంకో ఆప్షన్ రావట్లేదు

పది ఇళ్ళల్లో తొమ్మిదిట్లో కేబుల్ పీసీ నుంచి టీవీకి, టీవీ నుంచి రిసీవర్‌కి పోయి ఉంటుంది. హెచ్‌డీఎంఐ పెట్టగానే అవతల ఉన్న పరికరం నేను ఇంత వరకే తీసుకుంటాను అని పీసీకి చెప్తుంది. అవతల ఉన్నది టీవీ, దానికి ఉన్నవి రెండు స్పీకర్లు, అది స్టీరియో చాలు అంటుంది, విండోస్ ఆ మాట నమ్మి 5.1 అనే ఆప్షన్ చూపించడమే మానేస్తుంది. మీరు డ్రైవర్లు ఎన్నిసార్లు వేసినా మారదు. పీసీని నేరుగా రిసీవర్‌కి ఇచ్చి, రిసీవర్ అవుట్ నుంచి టీవీకి ఇవ్వండి. తర్వాత మోర్ సౌండ్ సెట్టింగ్స్, ప్లేబ్యాక్‌లో రిసీవర్ పేరు మీద నొక్కి కాన్ఫిగర్ అంటే 5.1 కనపడుతుంది, అక్కడే టెస్ట్ కొట్టి ఒక్కో బాక్స్ చెవితో చెక్ చేసుకోండి.

పాత రిసీవర్ అయితే 4కే బొమ్మను దాటనివ్వదు, అందుకే చాలామంది టీవీని మధ్యలో పెడతారు, నాకు అర్థమవుతుంది. దానికి దారి ఉంది, గ్రాఫిక్స్ కార్డుకి రెండు అవుట్‌లు ఉంటే ఒకటి టీవీకి బొమ్మ కోసం, ఇంకోటి రిసీవర్‌కి సౌండ్ కోసం మాత్రమే. విండోస్ రిసీవర్‌ని ఇంకో మానిటర్ అనుకుంటుంది, మౌస్ ఒక్కోసారి అటు పోయి మాయమవుతుంది, డిస్ప్లే సెట్టింగ్స్‌లో దాన్ని ఒక మూలకి జరిపి పెట్టుకోండి, కానీ డిస్కనెక్ట్ మాత్రం చేయొద్దు, చేస్తే సౌండ్ కూడా పోతుంది.

ఆరు పిన్నుల అసెంబుల్డ్ సెట్ ఉంది

మన ఊర్లలో ఇవి చాలా ఇళ్ళల్లో ఉన్నాయి, వెనక ఆరు ఆర్‌సీఏ ఇన్‌పుట్లు (గుండ్రటి పిన్నులు దూర్చేవి) ఉంటాయి, లోపల డీకోడర్ అంటే మూట విప్పే భాగం ఉండదు. డెస్క్‌టాప్ వెనక ఆకుపచ్చ ముందరివి, నలుపు వెనకవి, ఆరెంజ్ సెంటర్ సబ్ వూఫర్, మూడు స్టీరియో టూ ఆర్‌సీఏ వైర్లు కొంటే సరిపోతుంది. డైలాగులు సబ్ వూఫర్‌లో గొణుగుతుంటే ఆరెంజ్ వైరు రెండు కొనలు తారుమారైనాయి, మార్చి పెట్టండి. లాప్‌టాప్‌కి ఈ జాకులు ఉండవు, హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉన్న 5.1 డీకోడర్ బాక్స్ మధ్యలో పెట్టుకోవాలి.

మాటలు వినపడవు, మ్యూజిక్ మాత్రం ఇల్లు అదురుతుంది

5.1లో డైలాగ్ దాదాపు అంతా సెంటర్ నుంచే వస్తుంది. సెంటర్ బాక్స్ లేకుండానే విండోస్‌లో 5.1 పెట్టి ఉంటే ఆ మాటలు ఎక్కడికీ పోవు, కాన్ఫిగర్‌లో సెంటర్ టిక్ తీసేయండి, ముందర రెండింటికీ పంచుతుంది. బాక్స్ ఉండి కూడా చిన్నగా ఉంటే రిసీవర్‌లో సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. నాపరాయి పరిచిన ఖాళీ హాల్లో సౌండ్ గోడలకి కొట్టుకుని చెదిరిపోతుంది కూడా, కింద ఒక మందపాటి జంపఖానా వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

గుర్ర్‌మని హమ్

డిష్ లేదా కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, ఆగిపోతే గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్ దారుల మధ్య కరెంట్ తిరుగుతోందన్నమాట. అన్నీ ఒకే బోర్డు నుంచి కరెంట్ ఇవ్వండి, ఆ కేబుల్‌కి ఐసోలేటర్ (ఆ దారి తెంచే చిన్న పరికరం) పెట్టండి. ఎర్త్ పిన్ను విరిచేసి హమ్ పోయింది అనేవాళ్ళ మాట వినొద్దు, షాక్ కొడితే ప్రాణం మీదికి వస్తుంది. మన నేలలు ఎండాకాలం బాగా ఎండిపోతాయి, ఎర్త్ గుంతలో నీళ్ళు పోస్తుండండి.

అర్ధగంటకి రిసీవర్ ప్రొటెక్ట్ అని చూపించి ఆగిపోతుంది

స్పీకర్ టెర్మినల్ దగ్గర వైరు పోగు ఒకటి పక్క దానికి తగులుతోందేమో చూడండి, చాలావరకు అదే. కాకపోతే వేడి. మే నెలలో రిసీవర్‌ని అద్దాల షోకేస్‌లో మూసి పెడితే ఆగక ఏం చేస్తుంది, పైన జానెడు ఖాళీ వదిలి బయట పెట్టండి, దాని మీద సెట్ టాప్ బాక్స్ పెట్టొద్దు. రెండూ బాగుండి ఇంకా ఆగిపోతుంటే స్పీకర్ వెనక ఎన్ని ఓమ్స్ అని రాసుందో, రిసీవర్ వెనక ఎంత తగ్గకూడదని రాసుందో పోల్చి చూడండి, స్పీకర్‌ది తక్కువైతే వేరే స్పీకర్ పెట్టాల్సిందే.