సైకిల్ హ్యాండిల్‌బార్‌ను ఇంట్లోనే కోసి వెడల్పు తగ్గించుకోవడం

కొత్త మౌంటెన్ బైకుల్లో చాలావాటికి 740 నుంచి 800 మిల్లీమీటర్ల హ్యాండిల్‌బార్ వస్తోంది. భుజాలు చిన్నవైన వాళ్ళకు అంత వెడల్పు ఎక్కువే. కొంత దూరం తొక్కేసరికి భుజాలు, మెడ లాగుతాయి, ఇరుకు సందుల్లో చేతివేళ్ళు గోడకు రాసుకుంటాయి. కోయడానికి పావుగంట చాలు. ఎంత కోయాలో తేల్చుకోవడానికి మాత్రం వారమైనా తీసుకోండి.

ముందు రంపం పక్కన పెట్టండి. గ్రిప్పులు, బ్రేక్ లివర్లు, గేర్ షిఫ్టర్లు వదులు చేసి, రెండు వైపులా 10 మి.మీ. చొప్పున లోపలికి జరిపి బిగించి తొక్కి చూడండి. కొసలు మూసి ఉన్న గ్రిప్పులు లోపలికి జరగవు కాబట్టి ఈ పరీక్షకు పాత గ్రిప్పుల కొసలు కత్తిరించి వాడుకోవచ్చు. బయటకు పొడుచుకొచ్చిన బార్ కొసలకు బిరడాలు ఉండాల్సిందే. రెండు మూడు రోజుల తర్వాత ఇంకా వెడల్పనిపిస్తే మరో 10 జరపండి. బార్ ఇరుకైనకొద్దీ హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది, కానీ చేతులకు పట్టు తగ్గుతుంది. గతుకుల దిగుడులోనూ, లేచి నిలబడి ఎత్తు ఎక్కేటప్పుడూ ఆ తేడా తెలుస్తుంది. అందుకే చదును రోడ్డు మీద ఒక్కసారి తొక్కి నిర్ణయించకండి.

ఈ పరీక్షలో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. గ్రిప్పు, లివర్, షిఫ్టర్ మూడూ బార్‌లో తిన్నగా ఉన్న భాగంలోనే ఇమడాలి. గ్రిప్పే దాదాపు 130 మి.మీ. తింటుంది. లివర్‌ను బార్‌కు బిగించే పట్టీ, అంటే క్లాంపు, వంపు మీదకు ఎక్కితే సరిగా పట్టదు. అక్కడితో మీ హద్దు అయిపోయినట్టే, ఇంకా కావాలంటే పొట్టి గ్రిప్పులు వెతుక్కోవాలి.

బాగా వెనక్కి వంగిన సిటీ బార్లకు లెక్క వేరు. కొస 45 డిగ్రీలు వెనక్కి తిరిగి ఉంటే, 20 మి.మీ. కోసినా ఆ వైపు వెడల్పు తగ్గేది 14 మి.మీ.యే. చేతులు కూడా అంతే ముందుకు జరుగుతాయి. ఇక రేసింగ్ సైకిళ్ళ కిందికి వంగిన డ్రాప్ బార్లను కోసి వెడల్పు తగ్గించలేం, చిన్న సైజు బార్ కొనుక్కోవడమే.

కొలత దగ్గర ఎక్కువమంది పొరబడేది సగం చేయడం మరిచిపోయి. 760 ఉన్నది 700 కావాలంటే తగ్గేది 60, ఒక్కో వైపు 30. కొలిచేది గ్రిప్పులు తీసేసిన ఒట్టి బార్‌నే, ఎందుకంటే గ్రిప్పుల కొసల మందం కూడా కొలతలో కలిసిపోతుంది. చాలా బార్లకు కొసల్లో కోత గీతలు ముద్రించే ఉంటాయి. లేకపోతే తిన్నని అంచున్న కాగితపు పట్టీని బార్ చుట్టూ తిప్పి, అంచు మీద అంచు సరిగ్గా కూర్చునేలా చూసి గీయండి. గీత వంకర పోదు.

రబ్బరు గ్రిప్పు రాకపోతే అంచు కింద సన్నని మొద్దు పుల్ల దూర్చి, లోపలికి సబ్బు నీళ్ళో ఐసోప్రొపైల్ ఆల్కహాలో పోసి మెలితిప్పండి. నూనె మాత్రం వద్దు. మళ్ళీ ఎక్కించాక గ్రిప్పు చేతిలోనే తిరిగిపోతుంది.

బార్‌ను స్టెమ్‌లోనే (బార్‌ను మధ్యలో పట్టి సైకిల్‌కు కలిపే భాగం) ఉంచి కోయవచ్చు, అదే మంచి పట్టు. డిస్క్ బ్రేకు మీద, చైను మీద రజను పడకుండా గుడ్డ కప్పండి. గీతకు రెండు పక్కలా ఒక్కో హోస్ క్లిప్పు (రబ్బరు గొట్టాల చుట్టూ స్క్రూతో బిగించే లోహపు పట్టీ) బిగించి, మధ్యలో బ్లేడు పట్టేంత సందు వదిలితే అదే దారి చూపిస్తుంది. అల్యూమినియానికీ ఉక్కుకూ అంగుళానికి 32 పళ్ళున్న హ్యాక్సా బ్లేడు వాడండి. గొట్టం గోడ పలుచన కాబట్టి పెద్ద పళ్ళు తట్టుకుని గీత తప్పుతాయి. పళ్ళు ముందుకు చూడాలి, తోసేటప్పుడే ఒత్తిడి పెట్టాలి. చివర్లో తెగబోయే ముక్కను చేత్తో పట్టుకోకపోతే అది వాలి అంచును చీల్చుకుని పోతుంది.

పైపు కట్టర్ వాడితే కోత తిన్నగా వస్తుంది, కానీ చక్రం లోహాన్ని లోపలికి నొక్కుతుంది. బయట కూడా సన్నని గట్టు లేస్తుంది, దానివల్ల గ్రిప్పు ఎక్కదు. ఒక్కో చుట్టుకు కొంచెం కొంచెమే బిగించండి. దేనితో కోసినా బయటి అంచును చదును ఆకురాయితో, లోపలి అంచును గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయాలి.

కార్బన్ బార్ అయితే ముందు తయారీదారు సూచనలు చూడండి. ఎంతవరకు కోయవచ్చో హద్దు ఉంటుంది, అసలు కోయకూడదనే బార్లూ ఉంటాయి. పైపు కట్టర్ కార్బన్ పొరలను నలిపేస్తుంది, దాన్ని దగ్గరికే రానీయకండి. కోత చోట టేపు గట్టిగా చుట్టి, దాని మీద గీసి, కార్బన్ కోసమే చేసిన గరుకు బ్లేడుతో మెల్లగా కోయండి. ఒక వైపు నుంచి పూర్తిగా తెంపేయకుండా, చివర్లో అవతలి వైపు నుంచి కోయడం మొదలుపెడితే పోగులు చీలవు. కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు వేసుకుని, కోత మీద నీళ్ళు చిలకరిస్తూ కోయండి, ధూళిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి క్లాంపు మీద ముద్రించిన న్యూటన్ మీటర్ల (Nm, ఎంత బలంగా బిగించాలో చెప్పే కొలత) అంకె దాటకండి. కార్బన్ మీద, స్క్రూలతో బిగించే లాక్ ఆన్ గ్రిప్పుల విషయంలో ఇది మరీ ముఖ్యం. రెండు కొసల్లోనూ బిరడాలు పెట్టండి. తెరిచి ఉన్న గొట్టం మీద పడితే చర్మాన్ని గుండ్రంగా కోసేస్తుంది.

చివరగా హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. లివర్లు లోపలికి జరిగాయి కాబట్టి కేబుళ్ళు కొంచెం వదులవుతాయి. అవి ఫ్రేముకు తగలకుండా, ఎక్కడా మడత పడకుండా ఉంటే వాటిని కత్తిరించే పని లేదు. హైడ్రాలిక్ బ్రేకు గొట్టాలనైతే ఇలాంటి చిన్న తేడా కోసం అసలు ముట్టుకోకండి. వాటిని కోస్తే లోపలి ద్రవంలో చేరిన గాలి తీసే పని కూడా మీద పడుతుంది.