కాశీ ప్రయాణానికి సామాను సర్దుకునే తీరు: నెల్లూరు, ఒంగోలు యాత్రికుల కోసం

నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు స్టేషన్లలో దూరప్రాంతాలకు వెళ్ళే బండ్లు చాలావరకు ఒకటి రెండు నిమిషాలకు మించి ఆగవు. ఇంటిల్లిపాదీ కాశీకి బయలుదేరినప్పుడు, అందులో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ఉన్నప్పుడు, ఆ కొద్ది వ్యవధిలోనే మనుషులు ఎక్కాలి, సామానూ ఎక్కాలి. కాబట్టి ఇంట్లో మంచం మీద బట్టలు పరచి సర్దడం మొదలుపెట్టే ముందే, ఎన్ని మూటలను ఎన్ని చేతులు మోయగలవో లెక్క చూసుకోవడం మంచిది. సామాను బరువు కంటే మూటల సంఖ్యే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఒక్క పెద్ద సూట్‌కేసును ఇద్దరు పట్టి ఎక్కించగలరు కానీ, క్యారేజీ, నీళ్ళ డబ్బా, దుప్పట్ల మూట, పూజసామాను సంచి, పండ్ల కవరు అంటూ విడివిడిగా ఉన్న పదకొండు వస్తువులలో ఒకటి ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినా బండి కదిలాక గాని తెలియదు.

మనిషికి ఒక పెద్ద సంచి, భుజాన తగిలించుకునే చిన్న సంచి ఒకటి, కుటుంబమంతటికీ కలిపి ఒక భోజనాల సంచి ఉంటే సరిపోతుంది. డెబ్భై ఏళ్ళు దాటినవారికి భుజం సంచి తప్ప మరేమీ అప్పగించకూడదు. బోగీ మెట్లెక్కేటప్పుడు కడ్డీ పట్టుకోవడానికి వారికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. స్లీపరు, థర్డ్ ఏసీ ప్రయాణికులు ఒక్కొక్కరు 40 కిలోల వరకు సామాను ఉచితంగా తీసుకెళ్ళవచ్చని రైల్వే నిబంధన చెబుతుంది గానీ, నలుగురికి 160 కిలోలు కదా అని ఆశపడి సర్దినవారు వారణాసిలో దిగాక ఆ బరువును గోదౌలియా కూడలి దాటి సన్నని గల్లీల గుండా బస దాకా చేర్చవలసి ఉంటుంది. ఆ గల్లీలలోకి ఆటో రాదు, చక్రాల సూట్‌కేసు రాళ్ళ మీద దొర్లదు. కనుక భుజానికి వేసుకునే మెత్తటి సంచులే ఈ ప్రయాణానికి అనువైనవి. అవి కింది బెర్తు అడుగునా ఇముడుతాయి.

సర్దడం పూర్తయ్యాక సామానంతటినీ ఒకచోట పెట్టి ఫోనులో ఒక ఫోటో తీసి, మొత్తం ఎన్నో ఇంట్లో అందరికీ చెప్పాలి. ఎక్కిన వెంటనే ఒకసారి, దిగిన వెంటనే ఒకసారి ఎవరో ఒకరు పైకి వినబడేలా లెక్కపెట్టాలి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే పెద్దవాళ్ళకంటే శ్రద్ధగా చేస్తారు. ప్రతి సంచి లోపల పేరు, ఫోను నంబరు రాసిన కాగితం ఉంచాలి. పైన కట్టిన చీటీ ఊడిపోయినా లోపలిది మిగులుతుంది.

టికెట్టు, తేదీ, స్టేషను

రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది. 2024 నవంబరు 1కి ముందు ఇది 120 రోజులుగా ఉండేది కాబట్టి, పాత అలవాటుతో నాలుగు నెలల ముందే వాకబు చేసేవారు ఇంకా ఉన్నారు. తత్కాల్ అయితే బండి బయలుదేరే తేదీకి ముందు రోజు ఉదయం ఏసీ తరగతులకు 10 గంటలకు, మిగిలిన వాటికి 11 గంటలకు మొదలవుతుంది. ఇంతమంది కలిసి చేసే యాత్రకు తత్కాల్‌ను నమ్ముకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

తేదీ విషయంలో జరిగే పొరపాటు మన స్టేషన్లలో మరీ ఎక్కువ, ఎందుకంటే చెన్నై వైపు నుంచి రాత్రి బయలుదేరిన బండ్లు కొన్ని అర్ధరాత్రి దాటాక గాని ఇక్కడికి చేరవు. ఉదాహరణకు ఒంగోలులో బండి సమయం 15వ తేదీ 00.40 అని టికెట్టు మీద ఉంటే, 14వ తేదీ రాత్రి భోజనం చేసి ఇంట్లో నుంచి బయలుదేరాలన్నమాట. 15వ తేదీ రాత్రి తీరికగా స్టేషనుకు చేరినవారికి వారి బండి అప్పటికి ఒక రోజు ముందే వెళ్ళిపోయి ఉంటుంది. టికెట్టు చేతికి రాగానే క్యాలెండరులో ఆ రాత్రి గడిలో ‘భోంచేసి స్టేషనుకు’ అని రాసిపెట్టుకుంటే ఈ తికమక ఉండదు. అదే విధంగా ఎక్కే స్టేషను పేరును కూడా సరిచూసుకోవాలి. టికెట్టు చెన్నై నుంచి తీసి, ఎక్కే స్టేషనుగా నెల్లూరును నమోదు చేయకపోతే, చెన్నైలో మనిషి కనబడలేదని ఆ బెర్తును వేరొకరికి ఇచ్చే ప్రమాదం ఉంది.

మీరు ఎంచుకున్న బండి మన స్టేషనులో ఆగకపోతే విజయవాడ దాకా వేరే బండిలో వెళ్ళి అక్కడ మారవలసి వస్తుంది. రెండు బండ్ల మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచుకుని, రెండు టికెట్ల పీఎన్‌ఆర్‌లను జతచేయించుకోవాలి. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, జతచేసిన టికెట్లకు రెండో ప్రయాణపు డబ్బు తిరిగి పొందే వీలుంటుంది.

ప్రయాణంలో అసలు గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. కాశీలో ఆంధ్రాశ్రమం వంటి చోట్ల గది అడిగినా, హోటలులో దిగినా ఆధార్ చూపించాలి కనుక అందరి కార్డులూ, వాటి నకళ్ళూ వేర్వేరు సంచుల్లో పెట్టుకోవాలి. ఫోను పోయినా, ఛార్జింగు అయిపోయినా పని ఆగకుండా పీఎన్‌ఆర్ నంబరు, బస చిరునామా, ఇంట్లోవారి ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాసి పెద్దవాళ్ళ చేతి సంచిలో కూడా ఉంచాలి. రాత్రిపూట బోగీలో ఛార్జింగు ప్లగ్గులను సాధారణంగా 11 గంటల నుంచి 5 గంటల దాకా ఆపివేస్తారు. కాబట్టి ఫోనులు సాయంత్రమే నింపుకోవాలి.

చలి మనకు అలవాటు లేదు

నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కాస్త గాలి వీస్తేనే దుప్పటి వెతుక్కుంటాం. వారణాసి, ప్రయాగలలో డిసెంబరు రెండో సగం నుంచి జనవరి చివరి దాకా రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి దిగడం మామూలే. పైగా తెల్లవారకముందే గంగలో స్నానం చేసి తడిబట్టలతో మెట్లెక్కాలి. ఒక్క దళసరి కోటు కంటే, లోపల ఒంటికి అంటుకునే బనియను, దానిమీద చొక్కా లేదా రవిక, ఆపైన స్వెటరు, అన్నిటిపైన శాలువ అనే పద్ధతి మేలు. మధ్యాహ్నం ఎండ వచ్చినప్పుడు ఒక్కొక్కటీ తీసివేయవచ్చు. చెవులు కప్పే టోపీ, రెండు జతల మేజోళ్ళు పెద్దవాళ్ళకు తప్పనిసరి. మన ఊళ్ళో ఉన్ని బట్టలు పెద్దగా దొరకవు, దొరికినా ఖరీదు. ఎక్కే రోజుకు ఒక స్వెటరు, ఒక శాలువ ఉంటే చాలు, మిగిలినవి అక్కడే చవకగా కొనుక్కోవచ్చు.

తొమ్మిది రాత్రులు కాశీలో ఉండే ఆనవాయితీ పాటించేవారు తొమ్మిది జతల బట్టలు సర్దుతుంటారు. నాలుగు జతలు చాలు. త్వరగా ఆరే నూలు లేదా పాలిస్టరు కలిసిన చీరలు, పంచెలు, ఒక నైలాను తాడు, డజను క్లిప్పులు, ఒక బట్టల సబ్బు తీసుకెళితే రోజూ ఉతికి బసలోనే దండెం కట్టి ఆరేసుకోవచ్చు. ఘాట్ల దగ్గర స్నానానికి మాత్రం విడిగా ఒక జత పాతబట్టలు, సన్నని తుండుగుడ్డలు, తడిబట్టలు పెట్టడానికి మందపాటి ప్లాస్టిక్ కవర్లు ఉండాలి. దళసరి టర్కీ తువ్వాలు చలికాలంలో రెండు రోజులైనా ఆరదు. విశ్వనాథుని దర్శనానికి వెళ్ళేటప్పుడు ఫోనులు, సంచులు లోపలికి అనుమతించరు కనుక, డబ్బు పెట్టుకుని నడుముకు దోపుకునే చిన్న గుడ్డసంచి ఒకటి ఇంట్లోనే కుట్టించుకోవాలి.

చలికాలంలో ఉత్తరాదిన పొగమంచు వల్ల బండ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. బండి మూడు గంటలకు మించి ఆలస్యమైతే ప్రయాణం మానుకుని పూర్తి డబ్బు తిరిగి కోరవచ్చు, కానీ ఆ బండి బయలుదేరకముందే దరఖాస్తు చేయాలి. తిరుగు ప్రయాణం నాటికి ఒక రోజు మందులు, ఒక పూట తిండి అదనంగా మిగిలి ఉండేలా చూసుకోవాలి. ఏ నెలలో వెళ్ళాలన్నది మీ చేతిలో ఉంటే, శివరాత్రి రద్దీ దాటాక మార్చి మధ్య లోపల వెళ్ళడం అన్నివిధాలా సుఖం. మే నెలలో అక్కడి వడగాడ్పు మన రోహిణీ కార్తెకు ఏమాత్రం తీసిపోదు.

దారిలో తిండి

నెల్లూరు నుంచి వారణాసికి 30 గంటలకు పైబడిన ప్రయాణం. వండుకున్నవాటిని ముందుగా చెడేవి ముందుగా తినే వరుసలో సర్దాలి. పెరుగన్నాన్ని మొదటి పూటకే పరిమితం చేయాలి. అన్నం వేడిగా ఉన్నప్పుడే పాలు ఎక్కువగా పోసి, చల్లారాక చెంచాడు పెరుగు కలిపితే తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. చింతపండు పులిహోర మరునాటి మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. నూనె కాస్త ఎక్కువ వేసి, పూర్తిగా చల్లారిన తరువాతే డబ్బాకు ఎత్తాలి, లేకపోతే మూతకు పట్టిన ఆవిరి నీరై కారి అన్నాన్ని పాడుచేస్తుంది. నిమ్మకాయ పులిహోరకు అంత ఓర్పు లేదు. ఆ తరువాతి పూటలకు చపాతీలు, కందిపొడి, కరివేపాకు పొడి, అటుకులు, పప్పుచెక్కలు ఉంటే స్టేషన్లలో దొరికే పెరుగుతోనో అరటిపండ్లతోనో గడిచిపోతుంది.

ఊరగాయలు తీసుకెళ్ళకుండా ఉండలేం కాబట్టి, గోంగూర అయినా ఆవకాయ అయినా పైకి తేలిన నూనెను వంచివేసి, రబ్బరు చుట్టు ఉన్న మూత బిగించిన స్టీలు డబ్బాలో పెట్టి, దానిని రెండు కవర్లలో చుట్టి, భోజనాల సంచిలో నిలువుగా నిలబెట్టాలి. బట్టల సంచిలో మాత్రం పెట్టవద్దు. నెల్లూరివాళ్ళం అయి ఉండి ఈ మాట అనడం కష్టమే గాని, చేపల పులుసును బండిలోకి తేకపోవడం మంచిది. యాత్రకు వెళుతూ ఎవరూ తేరనుకుంటాం గానీ, వారణాసిలో ఉద్యోగం చేసే పిల్లల కోసం తెచ్చేవారు ఉంటారు. మరునాటి పులుసే రుచి అన్నమాట ఇంట్లో చల్లటి మట్టికుండకు వర్తిస్తుంది, కిటికీ పక్కన ఎండ తగిలే డబ్బాకు వర్తించదు.

మందులు

రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలను ప్రయాణపు రోజులకంటే నాలుగైదు రోజులకు ఎక్కువగా కొని, సగం భుజం సంచిలో, సగం మరొకరి సంచిలో ఉంచాలి. పట్టీలను విప్పి మాత్రలను ఒకే సీసాలో కలపకూడదు. దారిలో డాక్టరుకు చూపించవలసి వస్తే పట్టీ మీది పేరే ఆధారమవుతుంది. చీటీ నకలు కూడా వెంట ఉండాలి. ఇన్సులిన్‌ను బెర్తు కింది సంచిలో పెట్టకూడదు. ఎండాకాలమైతే తడిగుడ్డ చుట్టిన చిన్న డబ్బాలో ఉంచి గాలి తగిలేలా చేతిలో పెట్టుకోవాలి, మంచుగడ్డకు నేరుగా ఆనించకూడదు, గడ్డకడితే అది పనికిరాదు. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని ఎన్ని నీళ్ళలో కలపాలో దాని మీద రాసి ఉంటుంది, అంత కొలతలోనే కలపాలి.

వానల్లో బయలుదేరేవారికి

కార్తీకంలో కాశీ చేరాలనుకునేవారికి అక్కడ హాయిగా ఉంటుంది గానీ మనకు మాత్రం అది ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గరి పడుగుపాడు వద్ద రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, విజయవాడ వైపు రాకపోకలు స్తంభించాయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి కూడా తెగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా బండ్లు పెద్దసంఖ్యలో రద్దయ్యాయి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య బయలుదేరేవారు బండి పరిస్థితిని ముందురోజు నుంచే 139కి ఫోను చేసి గాని, రైల్వే యాప్‌లో గాని చూసుకుంటూ ఉండాలి. బండి రద్దయితే ఇంటర్నెట్‌లో తీసిన టికెట్టు డబ్బు తనంతట తానే వెనక్కి వస్తుంది, కౌంటరులో తీసిన టికెట్టును మాత్రం కౌంటరుకే తీసుకెళ్ళాలి. సంచుల లోపల మందపాటి ప్లాస్టిక్ సంచిని అస్తరులా వేసి దానిలో బట్టలు సర్దితే పైనుంచి ఎంత తడిసినా లోపల పొడిగా ఉంటాయి.

ఇంటి సంగతి క్లుప్తంగా: బోరు మోటారు, గీజరు, గ్యాసు రెగ్యులేటరు ఆపాలి, నగలు బ్యాంకు లాకరులో పెట్టాలి, పాలు, పేపరు మానిపించాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళపై నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ సౌకర్యం ఇస్తున్నారు, దానికి బయలుదేరే ముందే నమోదు చేసుకోవాలి. తాళం చెవి, తులసికి నీళ్ళు పోసే పని పక్కింటివారికి అప్పగించాలి.

తిరిగి వచ్చాక కాశీ సమారాధన చేసి బంధువులకు గంగాజలం, కాశీ దారాలు పంచడం ఉంది కనుక, ఎంతమందికి ఇవ్వాలో ఇక్కడే జాబితా రాసుకుని ఆ లెక్కకు తగ్గ ఖాళీ సంచి ఒకటి మడిచి అడుగున పెట్టుకోవాలి. భోజనాల డబ్బాలు తిరుగు ప్రయాణానికి ఖాళీ అవుతాయి, చిన్న గంగ చెంబులు వాటిలోనే నిలువుగా పడతాయి. చెంబు మూతలకు సీలు వేయించేటప్పుడు ఒక్కొక్కటీ తలకిందులు చేసి చూసి, కారనివే తీసుకోవాలి.